ఒక్కసారి ఆమెను నడిపించి చూడండి: వణుకు జబ్బులు చూసే డాక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన న్యూరాలజిస్టులకు, వణుకు జబ్బుల క్లినిక్కులు నడిపే ఆసుపత్రుల యాజమాన్యాలకు,

నమస్కారం.

మా అమ్మ ఫైల్లో పదకొండు చుట్టలున్నాయి. వణుకు ఎంతుందో చూడటానికి కాగితం మధ్యలో పెన్ను పెట్టి, అక్కణ్నుంచి నత్తగుల్లలా చుట్టుకుంటూ బయటికి రమ్మంటారు కదా, అవి. మొదటిది పన్నెండేళ్ల కిందటిది, అంచులు కొంచెం పళ్లు పళ్లుగా ఉంటాయి. ఆఖరిది అచ్చం రంపమే. ప్రతి చుట్ట పక్కనా తేదీ ఉంది, మందు మోతాదు ఉంది, డాక్టరుగారి పొట్టి సంతకం ఉంది. ఆమె ఎలా నడుస్తోందో మాత్రం ఆ ఫైలు మొత్తంలో ఒక్క ముక్క లేదు. నిరుడు ఆమె ఇంట్లో పడింది. తుంటి ఎముక విరిగింది.

కోపంతో రాయడం లేదంటే అబద్ధం అవుతుంది. కోపం ఉంది. కానీ పన్నెండేళ్లుగా అమ్మ చేతులు కాస్తయినా అదుపులో ఉన్నాయంటే మీలాంటి వాళ్ల వల్లే. ఆ కృతజ్ఞత కూడా ఉంది. అందుకే ముందు బయట పెట్టకుండా మేము వెళ్లే ఆసుపత్రికే రెండు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి "మీ ఫీడ్‌బ్యాక్‌కు ధన్యవాదాలు" అని మెషీన్ పంపిన జవాబు వచ్చింది. రెండోదానికి అదీ లేదు. స్వయంగా వెళ్లి అడిగితే "పడిపోవడం ఎముకల విభాగం వాళ్లు చూస్తారు" అన్నారు. ఎముకల విభాగంలో అడిగితే "నడక సంగతి న్యూరాలజీ వాళ్లనే అడగాలమ్మా" అన్నారు. ఆ రెండు విభాగాల మధ్య వరండాలో నిలబడే ఈ లేఖ రాయాలనుకున్నాను.

నేను డాక్టర్ని కాను. లెక్కలు చెప్పే టీచర్ని. అమ్మ పడ్డాక ఈ జబ్బు గురించి దొరికినవన్నీ చదివాను, అర్థం కానివి తెలిసినవాళ్లను అడిగాను. కింద రాసిన వాటిలో మీకు తెలియనివి ఏవీ ఉండకపోవచ్చు. నా బాధ కూడా అదే.

ముందు ఆ రాత్రి ఏం జరిగిందో చెప్తాను.

తొమ్మిది దాటింది. అమ్మ వంటింట్లోంచి తన గదిలోకి నీళ్ల గ్లాసు తెచ్చుకుంటోంది. చేతులు వణికేవాళ్లు గ్లాసు పట్టుకునే తీరు వేరు. సగానికే నింపుతారు, రెండు చేతులతో పట్టుకుంటారు, మోచేతులు పక్కటెముకలకు ఆనించుకుంటారు, చూపు నీళ్ల మీదే ఉంచుతారు. నేల వంక చూడరు. నేను హాల్లోంచి "అమ్మా, పొద్దున మాత్ర ఎన్నింటికి వేసుకోవాలి?" అని అడిగాను. ఆమె తల కొంచెం ఇటు తిప్పి "ఎనిమి..." అంది. అంతే. గ్లాసు ముందు పడిందో, ఆమె ముందు పడిందో ఇప్పటికీ చెప్పలేను. నేల పొడిగానే ఉంది. కాలికి ఏదీ అడ్డం రాలేదు. లైటు వెలుగుతోంది. ఎమర్జెన్సీలో మాత్రం "జారిపడ్డారు" అని రాసుకున్నారు. జారలేదు అని నేను రెండుసార్లు చెప్పాను. కంప్యూటర్లో ఆ ఒక్క ఆప్షనే ఉందేమో తెలీదు.

ఆ ప్రశ్న నేను ఎందుకడిగానా అని చాలా నెలలు కుమిలిపోయాను. ఇప్పుడు నా ప్రశ్న వేరు. నడుస్తూ ఉండగా మాట్లాడిస్తే అమ్మ పట్టు తప్పుతుందని పన్నెండేళ్లలో ఒక్క అపాయింట్‌మెంట్‌లోనైనా ఎవరైనా కనిపెట్టి మాకు చెప్పి ఉండొచ్చు కదా?

ఇక అసలు విషయాలు.

1. అమ్మకున్నది ఎసెన్షియల్ ట్రెమర్, అంటే పని చేసేటప్పుడు చేతులు వణికే జబ్బు. 65 ఏళ్లు దాటిన ప్రతి 100 మందిలో నలుగురైదుగురికి ఇది ఉంటుందని అంచనా. అంటే అరుదైన జబ్బు కాదు. దీని పేరుకు ముందు చాలాకాలం "బినైన్" అనే మాట తగిలించేవారు, అంటే ప్రమాదం లేనిది అని. మాకు మొదటిసారి చెప్పినప్పుడూ "చేతులు వణుకుతాయి, అంతే, ఇంకేం కాదు" అనే చెప్పారు. ఆ "అంతే" అన్నమాట పట్టుకుని మేము ఊపిరి పీల్చుకున్నాం. ఆ రోజుకు అది మంచి మాటే. కానీ ఈ జబ్బులో చిన్నమెదడుకూ దాని దారులకూ సంబంధం ఉందని చాలాకాలంగా మీ వృత్తిలోనే చెప్పుకుంటున్నారు. చిన్నమెదడు చూసుకునేది చేతులను ఒక్కటే కాదు కదా, నడకను కూడా. మడమకు రెండో కాలి బొటనవేలు తగిలేలా ఒకే గీత మీద నడవమంటే ఈ జబ్బున్నవాళ్లు అదే వయసు మామూలు వాళ్లకంటే ఎక్కువగా తడబడతారని 1990లలోనే అధ్యయనాలు వచ్చాయి. 2018లో అంతర్జాతీయ పార్కిన్సన్ అండ్ మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ వణుకు జబ్బుల వర్గీకరణను కొత్తగా రాసింది. వణుకుతో పాటు ఇలా గీత మీద నడవలేకపోవడం, జ్ఞాపకశక్తి తగ్గడం లాంటి చిన్న లక్షణాలు కూడా ఉంటే దానికి "ఎసెన్షియల్ ట్రెమర్ ప్లస్" అని వేరే పేరు పెట్టింది. ఆ పేరు సరైనదా కాదా అని మీలో మీకు వాదనలున్నాయని తెలుసు. అది మాకు అనవసరం. ఆ "ప్లస్" ఉందో లేదో తెలియాలంటే పేషెంటును కుర్చీలోంచి లేపాలి. మా అమ్మను ఎవరూ లేపలేదు.

2. మామూలు మనిషికి నడవడం అంటే ఆలోచించక్కర్లేని పని. ఫోన్లో మాట్లాడుతూ, సంచీ మోస్తూ, రేపటి పనులు తలుచుకుంటూ నడిచేస్తాం. ఆ పనిని దానంతటదే జరిపించే మెదడు భాగాలు సరిగ్గా పనిచేయనప్పుడు ప్రతి అడుగుకూ ధ్యాస పెట్టాల్సి వస్తుంది. ధ్యాస ఉన్నదే కొంత. అందులోంచి గ్లాసుకు కొంత, ప్రశ్నకు కొంత పోతే కాలికి మిగిలేది తక్కువ. ఎసెన్షియల్ ట్రెమర్ ఉన్న కొందరిలో ధ్యాస నిలపడం, ఒక పనిలోంచి ఇంకో పనిలోకి మనసు మళ్లించడం, మాట వెతుక్కోవడం లాంటివి కొద్దికొద్దిగా తగ్గుతాయని పరీక్షల్లో కనబడింది. ఇది మతిమరుపు జబ్బు కాదు, ఇంట్లోవాళ్లకు తెలియను కూడా తెలియదు. కానీ ఇలాంటి పరీక్షల్లో తక్కువ మార్కులు వచ్చినవాళ్లకే నడకలో ధైర్యం తక్కువగా ఉంటోందనీ, వాళ్లే ఎక్కువగా పడుతున్నారనీ కూడా అధ్యయనాలు చెప్తున్నాయి. అంటే ఈ జబ్బులో తల, కాళ్లు రెండూ ఒకే కథ. వాటిని విడివిడిగా చూస్తే రెండూ "పర్లేదు" లాగే కనిపిస్తాయి.

దీన్ని పట్టుకోవడానికి మెషీన్లు అక్కర్లేదు. 1997లో స్వీడన్ పరిశోధకులు వృద్ధుల వసతిలో ఉంటున్న 58 మందితో నడుస్తూ ఉండగా మాట కలిపారు. 12 మంది జవాబు చెప్పడానికి నడక ఆపేశారు. తర్వాతి ఆరు నెలల్లో ఆ 12 మందిలో 10 మంది పడ్డారు. వాళ్లందరూ వణుకు పేషెంట్లని నేను అనడం లేదు. కానీ పరీక్ష ఎంత చిన్నదో చూడండి. వరండాలో పక్కన నడుస్తూ "ఏమ్మా, పొద్దున ఏం తిన్నారు?" అని అడగడమే! అమ్మ పడ్డ తర్వాత నేను క్యాలెండర్లో గుర్తులు పెట్టడం మొదలుపెట్టాను, పడబోయి గోడ పట్టుకున్న ప్రతిసారీ ఒక చుక్క, ఆ సమయంలో ఏం చేస్తోందో పక్కన ఒక మాట. "ఫోన్ మోగింది." "తలుపు తీయబోయింది." "నేను పిలిచాను." "తువ్వాలు మడతపెడుతూ తిరిగింది." ఊరికే నడుస్తూ తూలిన రోజులు రెండో మూడో ఉన్నాయి. మిగతావన్నీ ఇలాంటివే. ఆ క్యాలెండర్ పట్టుకుని అపాయింట్‌మెంట్‌కు వెళ్తే, డాక్టరుగారు దాన్ని పక్కన పెట్టి "చేతులు చాపండి" అన్నారు.

3. మెదడు పరీక్ష అంటే మాలాంటి వాళ్లకు భయం, ఒప్పుకుంటాను. "మా అమ్మకు మతి బాగానే ఉంది" అని మేమే ముందు అడ్డుపడతాం. కాబట్టి అడగకపోవడంలో మా తప్పు కూడా ఉంది. అయితే పరీక్ష పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. జ్ఞాపకం, ధ్యాస చూడటానికి మీరు ఎక్కువగా వాడే మోకా పరీక్షలో 30 మార్కులుంటాయి. అందులో 5 మార్కులు పెన్ను పట్టుకుని గీస్తే గానీ రావు: అంకెలూ అక్షరాలూ కలపడం, ఘనం బొమ్మ, గడియారం బొమ్మ. వణికే చేత్తో గీసిన గడియారం ముళ్లు ఎటు పోతాయో మీకు చెప్పక్కర్లేదు. ఒకసారి అమ్మకు ఒక ట్రైనీ ఈ పరీక్ష పెట్టారు. పది, పదకొండు అంకెలు సరైన చోటే పెట్టింది, గీతలే వంకర్లు పోయాయి. మార్కులు తీసేశారు. ఆ కాగితం చూసి ఆమె బయటికొచ్చాక "నాకు టైం చూడటం రాదనుకున్నారు" అంది. నవ్వుతూనే అంది కానీ, తర్వాత రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. చెయ్యి చేసిన తప్పును తల మీద వేయకుండా ఉండటం, అలాగని తలలో నిజంగా ఉన్న తేడాను చేతి మీద నెట్టేసి ఊరుకోకుండా ఉండటం, రెండూ మీరే చేయాలి. మా వల్ల కాదు.

4. మందులు. దీని గురించి జాగ్రత్తగా రాస్తాను, ఎందుకంటే ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్రలు ఆపకూడదు. వణుకుకు ఇచ్చే ప్రొప్రనోలాల్ బీపీనీ గుండె వేగాన్నీ తగ్గిస్తుంది. ప్రిమిడోన్ మొదలుపెట్టిన తొలి రోజుల్లో కొందరికి మగత, కళ్లు తిరగడం, తూలడం ఉంటాయి. టొపిరమేట్‌తో కొందరికి మాట నోటికి రాక తడుముకోవడం ఉంటుంది. క్లొనజెపామ్ లాంటివి పెద్దవయసువాళ్లలో పడిపోయే ప్రమాదాన్ని పెంచుతాయి. పార్కిన్సన్స్ వణుకుకు ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ పెద్దవాళ్లలో మతిమరుపునూ గందరగోళాన్నీ తెస్తుందని, వీలైతే ఇవ్వకపోవడం మేలని అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ బీర్స్ జాబితాలోనే ఉంది. అమ్మకు ఆ రాత్రికి రెండు వారాల ముందు ఒక మాత్ర మోతాదు పెంచారు. దానివల్లే పడిందని నేను అనను, అనడానికి నా దగ్గర ఆధారం లేదు. కానీ మోతాదు పెంచేటప్పుడు చుట్ట గీయించారు తప్ప, ఒక్కసారి నిలబెట్టి బీపీ చూడలేదు. పడుకున్నప్పుడు చూసి, లేచాక మూడు నిమిషాల్లోపు మళ్లీ చూస్తే, పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే అది లెక్కలోకి తీసుకోవాల్సిన తేడా అని మీ పాఠ్యపుస్తకాల్లోనే ఉంది.

వణుకు ఎంత తగ్గిందో కొలుస్తున్నప్పుడు, దానికి కాళ్లు ఎంత చెల్లిస్తున్నాయో కూడా కొలవాలి. ఆపరేషన్లకూ ఇదే వర్తిస్తుంది. శబ్దతరంగాలతో మెదడులో ఒక చిన్న చోటును మాడ్చే ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ చికిత్సపై 2016లో వచ్చిన పెద్ద అధ్యయనంలో 36 శాతం మందికి మొదట్లో నడకలో ఇబ్బంది కనిపించింది. ఏడాదికి అది 9 శాతానికి తగ్గింది. తగ్గింది, మంచిదే. కానీ ముందునుంచే తూలుతున్న మనిషికి ఆ ఏడాది ఎలా గడుస్తుంది? ఆపరేషన్‌కు ముందు నడక చూడకపోతే తర్వాత వచ్చిన తేడా ఎలా తెలుస్తుంది?

5. నడిపించి చూడకపోతే జబ్బు పేరే తప్పు కావచ్చు. పార్కిన్సన్స్ అని పేరు పెట్టిన మనిషి, లక్షణాలు మొదలైన మూడేళ్లలోనే మళ్లీమళ్లీ పడుతుంటే అది మామూలు పార్కిన్సన్స్ కాకపోవచ్చునని, ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ (తొలినాళ్లలోనే బ్యాలెన్సు పోయే ఇంకో మెదడు జబ్బు) లాంటివి ఆలోచించాలని మీ ప్రమాణాలే చెప్తాయి. 50 దాటిన మగమనిషికి వణుకు, తూలు, మతిలో తేడా మూడూ కలిసి వస్తే ఫ్రాజైల్ ఎక్స్ జన్యువుతో వచ్చే జబ్బు కావచ్చు. దీన్ని 2001లో గుర్తించారు. అది తెలిస్తే ఆ ఇంట్లో కూతుళ్లకూ మనవలకూ కూడా తెలియాల్సిన సంగతి. నిలబడితే చాలు కాళ్లలో వణుకూ పడిపోతామన్న భయమూ పుట్టి, కూర్చుంటేనో నడిస్తేనో పోయే ఆర్థోస్టాటిక్ ట్రెమర్ అనే ఇంకో జబ్బుంది. కాళ్లలో ఆ వణుకు సెకనుకు 13 నుంచి 18 సార్లు, కంటికి కనబడనంత సన్నగా ఉంటుంది. తొడ మీద స్టెతస్కోపు పెడితే దూరంగా హెలికాప్టర్ పోతున్నట్టు వినబడుతుందట. ఎంత అందమైన పరీక్షో! కానీ కుర్చీలో కూర్చున్నవాళ్ల తొడ ఆ చప్పుడు చేయదు.

6. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల గురించి కొంచెమే రాస్తాను, వాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు కాస్తయినా ఉన్నారు. వాళ్లలో సుమారు 60 శాతం మంది పడతారని అధ్యయనాలు చెప్తున్నాయి, అందులో చాలామంది ఒకసారితో ఆగరు. బిగుసుకుపోవడానికీ నెమ్మదితనానికీ పనిచేసినంత బాగా వాళ్లకిచ్చే మందులు బ్యాలెన్సుకు పనిచేయవు. వెనక నిలబడి భుజాలు పట్టి గుంజి చూసే పరీక్ష అయినా వాళ్లకు చాలాచోట్ల చేస్తున్నారు. మా అమ్మలాంటి వాళ్లకు "నీది పార్కిన్సన్స్ కాదులే" అన్న ఊరట ఇచ్చి పంపేస్తున్నారు. ఆ ఊరటే మమ్మల్ని ఏమరిపించింది.

7. పడ్డాక ఏమవుతుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. వైద్యం అవసరమయ్యేంతగా పడే ఘటనలు 3 కోట్ల 70 లక్షలకు పైనే. తుంటి విరిగిన పెద్దవాళ్లలో దాదాపు అయిదోవంతు మంది ఏడాది తిరిగేసరికి ఉండరు. అమ్మ ఉంది. మా అదృష్టం. కానీ పడకముందు రోజూ సాయంత్రం బయటికి వెళ్లి నలుగురితో మాట్లాడి వచ్చే మనిషి ఇప్పుడు గుమ్మం దాటదు. ఎముక అతికి ఏడాది కావస్తోంది, భయం అతకలేదు. భయపడి నడవదు, నడవక కాళ్లలో సత్తువ పోతుంది, సత్తువ పోయి ఇంకా తూలుతుంది. బాత్రూంకు వెళ్లేటప్పుడు తలుపు గడియ పెట్టుకోవద్దని చెప్పాం. డెబ్భై ఒక్క ఏళ్ల మనిషికి ఆ మాట చెప్పడం ఎలా ఉంటుందో మీలో తల్లులున్నవాళ్లకు తెలుస్తుంది. నేను ఉద్యోగంలో సగం రోజులు తగ్గించుకున్నాను. మా తమ్ముడు రాత్రిళ్లు ఆమె గది తలుపు పక్కనే పడుకుంటున్నాడు. వణికేవాళ్లకు కర్ర ఇచ్చినా చిక్కే, ఆ చెయ్యి కర్రను నిలకడగా పట్టలేదు. రెయిలింగు పట్టుకుందామంటే చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. పడేటప్పుడు కాసుకోవాల్సిన చేతులే వణుకుతున్నాయి. ఇంకో మాట, వణుకుతూ తూలే మనిషిని చూసి తాగి ఉన్నాడనుకునే లోకం ఇది. అందుకే చాలామంది పడినా చెప్పరు. గీసుకుపోయిన మోచేతిని చీర కొంగు కింద దాచిన రోజులు అమ్మకు కూడా ఉన్నాయి. మీరు అడగకపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఇవీ విషయాలు. వీటి మీద మేము అడుగుతున్నవి ఇవి. "మేము" అంటున్నాను, ఎందుకంటే వెయిటింగ్ హాల్లో పక్కన కూర్చున్నవాళ్లను అడిగితే వాళ్లూ ఇవే చెప్పారు.

1. వణుకు ఉన్న ప్రతి పేషెంటునూ ప్రతి అపాయింట్‌మెంట్‌లో మూడు ప్రశ్నలు అడగండి. గడిచిన ఏడాదిలో పడ్డారా? నిలబడినా నడిచినా తూలుతున్నట్టు ఉంటోందా? పడతామని భయం ఉందా? ఇవి నేను కనిపెట్టినవి కావు. 2022లో వచ్చిన ప్రపంచ మార్గదర్శకాల్లో పెద్దవయసువాళ్లందరినీ అడగమన్నవే. మేము నాలుగోది కలుపుతున్నాం: పడబోయి దేన్నైనా పట్టుకున్నారా? పేషెంటుతో పాటు వచ్చినవాళ్లను కూడా అడగండి. అమ్మను అడిగితే "లేదు" అనే అంటుంది.

2. కుర్చీలోంచి లేపండి. లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి పట్టే టైం చూడండి. 12 సెకన్లు దాటితే ఆలోచించాల్సిందే అని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ చెప్తోంది. గీత మీద మడమకు వేలు తగిలేలా పది అడుగులు వేయించండి, పక్కన ఒక మనిషిని పెట్టి. తర్వాత అదే నడకను మాట్లాడిస్తూ చేయించండి. వందలోంచి మూడేసి తగ్గించమనండి, లేదా ఊరికే మాట కలపండి. చేతిలో నీళ్ల గ్లాసు పెట్టి నడిపిస్తే ఇంకా మంచిది. మీరు ఎలాగూ గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్లు పోయిస్తారు కదా.

3. ఏడాదికి ఒకసారి ధ్యాస, జ్ఞాపకం, మాట పరీక్షలు చేయండి. గీసే ప్రశ్నల్లో వణుకు వల్ల పోయిన మార్కులను వేరుగా రాయండి. ఫలితం పేషెంటు ముందే, పేషెంటుకే చెప్పండి. మమ్మల్ని పక్కకు పిలిచి గుసగుసగా చెప్పొద్దు.

4. మందు మొదలుపెట్టినా, మోతాదు పెంచినా నిలబెట్టి బీపీ చూడటం తప్పనిసరి చేయండి. ఇది నర్సులు చేయగలరు. మొదటి రెండు వారాలు ఏం జాగ్రత్తలు పడాలో చీటీ మీద మా భాషలో రాసివ్వండి. "రాత్రి లేచేటప్పుడు మంచం అంచున కాసేపు కూర్చోండి" అన్న ఒక్క వాక్యం రాయడానికి ఎంతసేపు పడుతుంది?

5. పడకముందే ఫిజియోథెరపీకి పంపండి. బ్యాలెన్సు, కాళ్ల బలం పెంచే వ్యాయామాలతో పెద్దవాళ్లు పడిపోవడం సుమారు 23 శాతం తగ్గుతుందని 2019లో, ఎన్నో అధ్యయనాలను కలిపి చూసే కాక్రేన్ సమీక్ష తేల్చింది. మాకు ఫిజియోథెరపిస్టును మొదటిసారి చూపించింది తుంటికి ఆపరేషన్ అయిన మర్నాడు. ఆవిడే అమ్మకు నేర్పారు, ఎవరైనా పిలిస్తే ముందు ఆగు, గోడో కుర్చీనో పట్టుకో, తర్వాత జవాబు చెప్పు అని. పన్నెండేళ్లలో మాకు అందిన అన్ని సలహాల్లో అతి విలువైనది అది. చీటీ మీద రాసిన మందు కూడా కాదు.

6. ఆసుపత్రుల యాజమాన్యాలకు: న్యూరాలజీ, ఎముకల విభాగం, ఫిజియోథెరపీ ఒకే పేషెంటు ఫైలును చూసేలా చేయండి. వణుకు పేషెంటు పడి ఎమర్జెన్సీకి వస్తే ఆ సంగతి న్యూరాలజిస్టుకు వెళ్లాలి. "జారిపడ్డారు" అన్న ఆప్షన్ పక్కన "తూలిపడ్డారు", "మాట్లాడుతూ పడ్డారు" అని ఇంకో రెండు గడులు పెట్టించండి. డాక్టర్లకు టైం లేదంటారు. నిజమే, బయట లైను మాకూ కనిపిస్తుంది. పైన చెప్పిన నడక పరీక్షలన్నీ కలిపి పదినిమిషాలు. అందులో సగం శిక్షణ ఉన్న నర్సు చేయగలిగినవే. ఆ నర్సును ఇవ్వాల్సింది మీరు.

ఈ లేఖకు జవాబు ఫలానా తేదీలోపు కావాలని గడువు పెట్టను. జవాబు వచ్చినా రాకపోయినా ప్రతి అపాయింట్‌మెంట్‌కూ ఆ చుక్కల క్యాలెండర్ తెస్తూనే ఉంటాను. వెయిటింగ్ హాల్లో ఇప్పటికి ఇంకో నలుగురు తమ ఇళ్లలో అలాంటివే మొదలుపెట్టారు.

వచ్చే నెల అమ్మకు మళ్లీ అపాయింట్‌మెంట్ ఉంది. వాకర్ పట్టుకుని వస్తుంది. డాక్టరుగారి తలుపు నుంచి బల్ల ముందున్న కుర్చీ దాకా ఎనిమిది అడుగులు, నేను లెక్కపెట్టాను. ఆ ఎనిమిది అడుగులూ అయ్యేదాకా కంప్యూటర్ మీంచి తలెత్తి ఆమెను చూడండి. మధ్యలో ఒకసారి పేరు పెట్టి పిలవండి, ఏం చేస్తుందో గమనించండి. ఆమె కూర్చున్నాక కాగితం, పెన్ను ఇవ్వండి. పన్నెండో చుట్ట గీస్తుంది.

భవదీయురాలు,
పదకొండు చుట్టలున్న ఒక ఫైలు మోస్తున్న కూతురు